బ్రెస్ట్ రిడక్షన్ తర్వాత మళ్లీ గ్రౌండ్‌లోకి: శ్రీకాకుళం, విజయనగరం అమ్మాయిలకు వారాలవారీ మార్గదర్శి

ఆడపిల్ల బరువులెత్తితే వింతగా చూడని ప్రాంతం మనది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. విజయనగరం జిల్లా కొండవెలగాడకు చెందిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం సాధించింది. ఇంత చరిత్ర ఉన్నా, ఛాతీ బరువు వల్ల పరుగు మానేసిన అమ్మాయి సంగతి మాత్రం ఇంట్లోనూ ఎత్తరు, గ్రౌండ్‌లోనూ ఎత్తరు. "ఆ అమ్మాయికి ఇంట్రెస్ట్ తగ్గిపోయింది సార్" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మెడనొప్పి, భుజాల మీద బ్రా పట్టీల గాట్లు, రొమ్ము కింద మడతలో ఎండాకాలమంతా ఒరుసుకుపోయి మండే చర్మం, ట్రాక్ పక్కన కూర్చున్న కుర్రాళ్ల చూపులు... ఇవన్నీ ఆ ఒక్క ముక్క వెనకాల ఉంటాయి.

రొమ్ముల సైజు తగ్గించే ఆపరేషన్ (బ్రెస్ట్ రిడక్షన్) చేయించుకోవాలా వద్దా అన్నది ఇక్కడ విషయం కాదు. నిర్ణయం తీసుకున్నవాళ్లకి, ఇప్పటికే చేయించుకుని ఇంట్లో కూర్చున్నవాళ్లకి, మళ్లీ ఆట దాకా ఎలా రావాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆపరేషన్‌తో ఆట అయిపోయినట్టేనని భయపడేవాళ్లకి ఒక పేరు చెబుతాను: రొమేనియా టెన్నిస్ క్రీడాకారిణి సిమోనా హాలెప్. 2009లో, టీనేజీలో ఉండగానే ఈ ఆపరేషన్ చేయించుకుంది. 2018లో ఫ్రెంచ్ ఓపెన్, 2019లో వింబుల్డన్ గెలిచింది.

నేను పిల్లలతో గ్రౌండ్‌లో ఉండే పీఈటీని, డాక్టర్‌ని కాను. కింద చెప్పిన వారాల లెక్క మామూలుగా సర్జన్లు చెప్పే పద్ధతి. మీ ఆపరేషన్ చేసిన డాక్టర్ ఇంకోలా చెబితే ఆయన మాటే వినండి.

లోపల ఏం జరిగిందో ముందు తెలుసుకోండి

ఈ ఆపరేషన్‌లో చర్మం, కొవ్వు, గ్రంథి కణజాలం కొంత తీసేస్తారు. ఒక్కో పక్క కొందరికి 300 గ్రాములు, కొందరికి కిలో దాకా కూడా తీస్తారు. చనుమొనను రక్తనాళాలున్న కణజాలంతో సహా అలాగే ఉంచి పైకి జరుపుతారు. కింద ఉన్న ఛాతీ కండరాన్ని కోయరు. ఆటగాళ్లకి ఇది మంచి వార్త. కండరం బాగానే ఉంటుంది కాబట్టి బలం ఎక్కడికీ పోదు. ఇన్ని వారాలు ఆగమనేది చర్మం కోసం, లోపలి కుట్ల కోసం.

కోత సాధారణంగా లంగరు ఆకారంలో ఉంటుంది. చనుమొన చుట్టూ ఒకటి, అక్కడి నుంచి కిందికి ఒకటి, రొమ్ము కింద మడత వెంబడి ఒకటి. నిలువు కుట్టు, అడ్డం కుట్టు కలిసే చోటు గుర్తుపెట్టుకోండి. లాగుడు ఎక్కువగా పడేదీ, రక్తం తక్కువగా అందేదీ అక్కడే. కుట్లు విడిపోతే ముందు అక్కడే విడిపోతాయి. కిందికి ఉండటంతో మన కంటికి కనపడదు. చిన్న అద్దం పెట్టుకుని రోజూ చూసుకోవాలి.

ఇంకో సంగతి. చర్మం పైకి 2, 3 వారాల్లోనే అతుక్కుపోతుంది. లోపల మాత్రం 3 వారాలకి మచ్చకి వచ్చే బలం మామూలు చర్మంలో మూడో వంతు కూడా ఉండదు. 6 వారాలకి దాదాపు సగం, 3 నెలలకి 80 శాతం దాకా వస్తుంది. పూర్తిగా నూరు శాతం ఎప్పటికీ రాదు. అందుకే నాకు మొదటి వారం మీద పెద్ద టెన్షన్ ఉండదు. నొప్పి ఉన్నంతకాలం మనిషి కదలకుండా పడుకునే ఉంటుంది. నాలుగో వారం అలా కాదు. నొప్పి తగ్గి, ఒళ్లు తేలికై, అద్దంలో మనిషి నిటారుగా కనిపిస్తుంటే కాళ్లు ఊరుకోవు. గాయం చెడగొట్టుకునేది ఎక్కువగా అప్పుడే.

ఆపరేషన్‌కి ముందే చేసుకోవాల్సిన పనులు

సెలక్షన్ ట్రయల్స్ గానీ, పోలీస్ ఈవెంట్స్ గానీ ఉంటే ఆ తేదీకి కనీసం నాలుగు నెలల ముందు ఆపరేషన్ అయిపోయేలా చూసుకోండి, ఐదు నెలలుంటే ఇంకా నయం. మన తీరంలో ఏప్రిల్, మే నెలల ఉక్కపోతకి రాత్రీ పగలూ బిగుతు బ్రా వేసుకుని ఉండటం నరకం. వీలుంటే నవంబర్ నుంచి జనవరి మధ్య పెట్టుకోండి.

సర్జన్‌ని "ఎక్సర్‌సైజ్ ఎప్పుడు చేయొచ్చు సార్?" అని ఊరికే అడిగితే "రెండు నెలలాగమ్మా" అంటారు, అక్కడితో సరి. విడదీసి అడగండి. చేతులు తలపైకి ఎప్పుడు ఎత్తొచ్చు? స్కూటీ ఎప్పుడు? జాగింగ్ ఎప్పుడు? బరువులెత్తే బార్ భుజం మీద పెట్టుకోవడం ఎప్పుడు? కబడ్డీలో కింద పడటం ఎప్పుడు? చీటీ మీద రాసుకుని వెళ్లి జవాబులు పక్కనే రాసుకోండి. పాలిచ్చే శక్తి తగ్గొచ్చు, చనుమొన స్పర్శలో తేడా రావచ్చు. ఈ రెండూ కూడా ముందే మాట్లాడాలి. చిన్న వయసు పిల్లలకైతే రొమ్ముల పెరుగుదల ఆగిందని నిర్ధారించుకున్నాకే చాలామంది సర్జన్లు ముందుకెళతారు.

హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. మన ఆడపిల్లల్లో రక్తహీనత మామూలైపోయింది. దానితో ఆపరేషన్‌కి వెళితే గాయం మానడమూ ఆలస్యమే, తర్వాత పరుగులో ఆయాసమూ తప్పదు. పొగ అలవాటున్న పెద్ద వయసు ఆడవాళ్లు, చుట్టయినా అడ్డపొగయినా, ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు పూర్తిగా మానాలి. నికోటిన్ సన్న రక్తనాళాలను బిగించేస్తుంది. ఇందాక చెప్పిన కుట్లు కలిసే చోటుకి, చనుమొనకి అసలే రక్తం తక్కువ.

ముందు హుక్కులుండే మెత్తటి బ్రాలు రెండో మూడో కొనిపెట్టుకోండి. తలమీంచి తొడుక్కునేవి కొన్నాళ్లు పనికిరావు. వంటింట్లో రోజూ వాడే డబ్బాలన్నీ నడుము ఎత్తుకి దించేయండి.

మొదటి వారం: నడక, నిద్ర, తిండి

ఆపరేషన్ అయిన రోజు సాయంత్రమో, మర్నాడో లేచి నాలుగడుగులు వేయమంటారు. వేయండి. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి అది. విశాఖలో చేయించుకుని హైవే మీద కారులో తిరిగొస్తుంటే సీటు బెల్టుకీ ఛాతీకీ మధ్య మడతపెట్టిన తువ్వాలు పెట్టుకోండి. బెల్టు మాత్రం తీయొద్దు. రెండు వారాల దాకా షేర్ ఆటో ఎక్కొద్దు. ముందు సీట్లో డ్రైవర్ పక్కన ఇరుక్కుని కూర్చుంటే ప్రతి గతుక్కీ పక్కవాళ్ల మోచెయ్యి వచ్చి తగిలేది సరిగ్గా కుట్ల మీదే.

వెల్లకిలా, తల వైపు రెండు దిళ్లు ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి. బోర్లా పడుకోవడం చాలా వారాల దాకా మర్చిపోండి. బ్రా ఎప్పుడు విప్పొచ్చో, స్నానం ఎప్పుడో డాక్టర్ చెబుతారు. చాలామంది ఆరు వారాల పాటు రాత్రిళ్లు కూడా బ్రా ఉంచుకోమంటారు.

తిండి దగ్గరే మన ఇళ్లలో పెద్ద గొడవ. "పప్పు ఎట్టకండే, సీము పట్టేస్తాది" అని అమ్మమ్మ అంటుంది. గుడ్డు వేడి, వంకాయ దురద, చేప వద్దు, చివరికి చారన్నం మిగులుతుంది. నాకు అమ్మమ్మల మీద గౌరవమే గానీ ఈ ఒక్క విషయంలో వినకండి. పప్పు వల్ల చీము పట్టదు. సూక్ష్మజీవులు చేరితే పడుతుంది. గాయం పూడటానికి శరీరానికి ప్రొటీన్ కావాలి. పప్పు, గుడ్లు, చేపలు, పాలు, ఉలవచారు, చోడి అంబలి అన్నీ తినొచ్చు. ఇంట్లో వాదించే ఓపిక లేకపోతే డిశ్చార్జ్ రోజున అమ్మమ్మ ఎదురుగానే డాక్టర్ చేత చెప్పించండి. తెల్లకోటు మాటకి విలువెక్కువ. కుట్ల మీద పసుపు ముద్ద, కొబ్బరినూనె, ఆకుపసరు రాయనివ్వకండి.

ఇవి కనిపిస్తే మాత్రం ఫోన్‌లో సలహాలడుగుతూ కూర్చోకుండా ఆస్పత్రికి వెళ్లాలి. ఒక పక్క మాత్రమే గబుక్కున ఉబ్బి గట్టిపడి నొప్పి పెరగడం (మొదటి రెండు రోజుల్లో లోపల రక్తం చేరితే ఇలా అవుతుంది), చనుమొన నల్లగానో నీలంగానో మారడం, 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన జ్వరం, ఎరుపు రోజురోజుకీ పాకడం, వాసన వచ్చే చీము, ఒక పిక్క వాచి నొప్పెట్టడం. ఆయాసం, గుండెనొప్పి వస్తే నేరుగా 108కి ఫోన్ చేయాలి.

రెండు, మూడు వారాలు: ఇంటిపనే అసలు జిమ్

ఈ రోజుల్లో రెండు కిలోలకి మించి ఎత్తొద్దంటారు. అమ్మాయి బుద్ధిగా డంబెల్ ముట్టుకోదు. మర్నాడు పొద్దున్నే మోటారు రాలేదని కుళాయి దగ్గర బిందె ఎత్తేస్తుంది. నిండు బిందె పది కిలోల పైమాటే. నీళ్ల క్యాన్ 20 కిలోలు. గ్యాస్ సిలిండర్‌లో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపితే దానికి రెట్టింపు. బోరింగు కొట్టడం, తడి దుప్పటి పిండటం, దాన్ని దండెం మీద ఆరేయడం, కొట్టు షట్టర్ లాగడం, స్కూటీకి మెయిన్ స్టాండ్ వేయడం, చంటిపిల్లని చంకనెత్తుకోవడం, అటక మీద నుంచి గుండిగ దించడం... వీటిలో ఏది చేసినా కుట్ల మీద పడే లాగుడు వ్యాయామం చేసినప్పటి కంటే తక్కువేం కాదు. ఈ జాబితాను ఇంట్లో అందరికీ వినిపించండి. పెళ్లైన అమ్మాయిలైతే అత్తగారికీ, ఆడపడుచుకీ ముందే ఫలానా తేదీ దాకా ఇవన్నీ నా వల్ల కావని చెప్పేసుకోవాలి. మొహమాటపడితే నష్టం మీకే.

చేయాల్సింది నడక. మొదట ఇంట్లో, తర్వాత వీధి చివరి దాకా, మూడో వారానికి చదునైన నేల మీద 20, 30 నిమిషాలు. శ్రీకాకుళంలో ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్, విజయనగరంలో అయోధ్య మైదానం పొద్దున్నే చల్లగా ఉంటాయి. ఎండెక్కక ముందే ముగించండి. చెమట పట్టి బ్రా తడిస్తే వెంటనే మార్చేయాలి. కింది మడత ఎప్పుడూ పొడిగా ఉండాలి.

చేతులు పూర్తిగా కట్టేసుకుని ఉండకూడదు, భుజాలు బిగుసుకుపోతాయి. భుజాలు వెనక్కి గుండ్రంగా తిప్పడం, మోచేతులు భుజాల ఎత్తు వరకే పక్కలకి లేపడం, గడ్డం లోపలికి లాక్కుని మెడ నిటారు చేయడం రోజుకి మూడు నాలుగుసార్లు చేయండి. ఏళ్ల తరబడి ముందుకి వంగిన భుజాలు ఆపరేషన్ అయినంత మాత్రాన వాటంతటవే వెనక్కి రావు. బరువు పోయినా మెడకి ఆ అలవాటు పోదు.

మధ్యమధ్య రొమ్ములో కరెంటు షాకులా చురుక్కుమంటుంది. నరాలు కోలుకుంటున్నప్పుడు అలా అవుతుంది. క్షణంలో పోతే భయపడక్కర్లేదు.

నాలుగు నుంచి ఆరు వారాలు: కాళ్లకి పని పెట్టండి

డాక్టర్ సరేనంటే కదలని సైకిల్ తొక్కొచ్చు. వెన్ను నిటారుగా ఉంచి, హ్యాండిల్ మీద బరువు వేయకుండా, పక్కనున్నవాళ్లతో మాట్లాడగలిగేంత వేగంతో 15 నిమిషాలతో మొదలుపెట్టండి. చేతిలో ఏమీ లేకుండా గుంజీళ్లు, పడుకుని నడుము పైకెత్తడం, మడమలెత్తి నిలబడటం, మెట్టు ఎక్కి దిగడం చేయొచ్చు. వీటితో తొడలు, పిరుదుల బలం పోకుండా ఉంటుంది. మళ్లీ ట్రాక్ మీదకి వెళ్లిన రోజున దీని విలువ తెలుస్తుంది. ఊపిరి బిగబట్టి చేసేవేవీ వద్దు. బిగబడితే రక్తపోటు ఎగబాకుతుంది.

జాగింగ్, తాడాట, జుంబా, మెట్లు దూకుతూ దిగడం ఈ దశలో లేవు. రొమ్మును పట్టి ఉంచేది చర్మం, లోపలి సన్నటి బంధనాలు మాత్రమే. పరుగులో అది పైకీ కిందికీ మాత్రమే కాకుండా పక్కలకీ ఊగుతుంది. ప్రతి అడుగుకీ ఆ ఊపు లేత కుట్ల మీద పడితే మచ్చ వెడల్పవుతుంది. కుట్లు విడిపోవచ్చు కూడా. "గట్టి బ్రా వేసుకున్నానుగా మేడం" అని అడుగుతారు. బ్రా ఊపు తగ్గిస్తుంది తప్ప పూర్తిగా ఆపదు.

పరుగు మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సినవి

ఆరు వారాలు నిండాయని క్యాలెండర్ చూసి పరుగు పెట్టకండి. కుట్లన్నీ, ముఖ్యంగా లంగరు మధ్యలో కలిసే చోటు, తడి లేకుండా మూసుకున్నాయా? సర్జన్ చూసి సరే అన్నారా? అరగంట వేగంగా నడిస్తే మర్నాడు పొద్దున ఏ తేడా లేదా? రెండు చేతులూ చెవుల పక్కన తాకేలా పైకి లేస్తున్నాయా? నేల మీద మెల్లగా పది గెంతులు గెంతితే పీకినట్టు అనిపించడం లేదా? అన్నిటికీ అవుననే జవాబు వస్తే సరే. ఒక్కటి కాదన్నా ఇంకో వారం నడక, సైకిలే.

మర్నాటి పొద్దున సంగతి కాస్త వివరంగా చెప్పాలి. గ్రౌండ్‌లో ఉన్నంతసేపూ హుషారులో ఏమీ తెలియదు. వాపు రాత్రికి వస్తుంది. పొద్దున బ్రా హుక్కు నిన్న పెట్టిన గడిలోనే ఈజీగా పడుతోందా, లాగి పెట్టాల్సి వస్తోందా? నా దగ్గరకొచ్చే పిల్లలకి నేను చెప్పే కొలత ఇదే. లాగాల్సి వచ్చిందంటే నిన్న చేసింది ఎక్కువైంది. రెండు రోజులు నడకకి దిగి, తర్వాత ఒక మెట్టు కింద నుంచి మొదలుపెట్టాలి.

ఏడో వారం నుంచి పరుగు

మన జిల్లాల్లో చాలామంది అమ్మాయిల లక్ష్యం పోలీస్ కానిస్టేబుల్ ఈవెంట్లు కాబట్టి 1600 మీటర్లనే ఉదాహరణగా తీసుకుందాం. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు.

పరుగు మొదలుపెట్టిన మొదటి వారం, అంటే ఆపరేషన్ తర్వాత ఏడో వారం, పది నిమిషాలు నడిచి ఒళ్లు వేడెక్కాక, ఒక నిమిషం మెల్లగా జాగింగ్, రెండు నిమిషాలు నడక. ఇలా ఎనిమిదిసార్లు. వారానికి మూడు రోజులే, రోజు విడిచి రోజు. మెత్తటి మట్టి ట్రాక్ అయితే మేలు, సిమెంటు రోడ్డు వద్దు. రెండో వారం రెండు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక, ఆరుసార్లు. మూడో వారం మూడు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక. నాలుగో వారం పది నిమిషాలు ఆగకుండా. ఇక్కడి దాకా మర్నాటి హుక్కు పరీక్ష పాసవుతూ వస్తే, పదకొండో వారానికి 1600 మీటర్లు మెల్లగా ఆగకుండా పూర్తవుతుంది. ఈ దశలో స్టాప్‌వాచ్ ఇంట్లో పెట్టేయండి. టైమింగ్ కోసం పరుగు, 100 మీటర్ల స్ప్రింట్, లాంగ్ జంప్ అన్నీ 12 వారాలు దాటాకే. లాంగ్ జంప్‌లో పిట్‌లో దిగే దెబ్బ ఒళ్లంతా పాకుతుంది, అందుకే అది అన్నిటికంటే చివర.

పరుగు తీరులో ఒకటి గమనించండి. ఛాతీ బరువుగా ఉన్నన్నాళ్లూ అమ్మాయిలు తెలియకుండానే మోచేతులు పక్కటెముకలకి అంటించి, చేతులు ఛాతీకి అడ్డంగా ఆడించి పరిగెడతారు, కనపడకుండా కాచుకోవడానికి. ఆపరేషన్ అయ్యాక కాచుకోవాల్సిన పని లేదు, అయినా చేతులు అక్కడే ఉంటాయి. ఎవరినైనా ముందు నుంచి ఫోన్‌లో వీడియో తీయమనండి. పిడికిలి నడుము పక్క నుంచి గడ్డం ఎత్తుకి, ముందుకీ వెనక్కీ నేరుగా కదలాలి. భుజాలు దించి ఉండాలి. ఇది సరిచేసుకున్నవాళ్ల పరుగు చూస్తే మనిషే మారినట్టుంటుంది.

బరువులెత్తేవాళ్లకి

కొండవెలగాడ పిల్లలకి ఇదంతా చెప్పాల్సిన పని లేదేమో గానీ, జిమ్‌లో కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం చెబుతున్నాను. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య చేతికి పీవీసీ పైపో, సన్న కర్రో చాలు. పైపు తలమీదికి ఎత్తడం, భుజాల మీద పెట్టుకోవడం, స్నాచ్ పట్టుతో, అంటే చేతులు బాగా ఎడంగా పెట్టి పట్టుకుని, గుంజీ కూర్చోవడం. బ్యాక్ స్క్వాట్‌కి (బార్ మెడ వెనక భుజాల మీద పెట్టుకుని తీసే గుంజీ) చేతులు వెనక్కి తిప్పి బార్ పట్టుకుంటాం కదా, అప్పుడు ఛాతీ చర్మం బాగా లాగుతుంది. పైపుతో అది హాయిగా వచ్చే వరకూ బార్ ముట్టుకోవద్దు. రబ్బరు బ్యాండు స్తంభానికి కట్టి మోచేతులు వెనక్కి లాగే వ్యాయామం ఈ దశలో బంగారం. వీపు బలపడుతుంది, ఛాతీ మీద భారం పడదు.

ఎనిమిదో వారం తర్వాత, సర్జన్ ఒప్పుకుంటే ఖాళీ బార్. ఆడవాళ్ల పోటీ బార్ 15 కిలోలు. నేర్చుకునేవాళ్ల తేలిక బార్ దొరికితే ఇంకా మంచిది. డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్ పట్టుకుని నిటారుగా లేవడం), ఫ్రంట్ స్క్వాట్ (బార్ ముందు వైపు భుజాల మీద పెట్టుకుని గుంజీ) ముందు. ఫుల్ స్నాచ్ (ఒకే ఊపులో తలపైకి), క్లీన్ అండ్ జర్క్ (ముందు భుజాల మీదికి, తర్వాత తలపైకి) 12 వారాలకి, పాత బరువులో సగంతో. అక్కడి నుంచి వారానికి పది శాతం మించి పెంచొద్దు. క్లీన్‌లో బార్ భుజాల మీద మెల్లగా దిగాలి. ధడాలున పడితే ఆ రోజుకి ఆపేయండి. బెంచ్ ప్రెస్, డిప్స్, పుషప్స్ అన్నిటికంటే వెనక. బెంచ్‌లో బార్ తాకేదే ఛాతీని.

ఇక్కడ కోచ్‌లు పట్టించుకోవాల్సిన సంగతి ఉంది. ఇంతకుముందు స్నాచ్‌లో బార్ ఛాతీని తప్పించుకుంటూ కాస్త ముందుకి వంపు తిరిగి వెళ్లేది. ఇప్పుడు ఒంటికి దగ్గరగా నేరుగా వెళ్లొచ్చు. పాత దారినే వదలకుండా ఉంటే బలం వృథా. పక్క నుంచి వీడియో తీసి చూపిస్తే అమ్మాయికే అర్థమవుతుంది.

కబడ్డీ, వాలీబాల్, ఈత

వాలీబాల్‌లో అండర్‌హ్యాండ్ పాస్‌లు ఎనిమిదో వారం నుంచి మెల్లగా, స్మాష్ 12 వారాల తర్వాత. కబడ్డీ ప్రాక్టీస్‌కి ముందే వచ్చి ఫుట్‌వర్క్ చేసుకోవచ్చు. పట్టుకోవడాలు, డైవులు, బోర్లా పడటాలు మాత్రం మూడు నెలలు నిండి, సర్జన్ ప్రత్యేకంగా కబడ్డీ పేరు చెప్పి ఒప్పుకున్నాకే. ఈత, కళింగపట్నం సముద్రస్నానం, నాగావళిలో మునక ఏదైనా సరే, ఒక్క చుక్క తడి కూడా రాకుండా కుట్లు పూర్తిగా మూసుకున్నాకే.

బ్రా కొనేటప్పుడు

వాపు దిగి సైజు స్థిరపడటానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది, కొందరికి ఏడాది కూడా. అందుకని మొదటి నెలలోనే ఖరీదైన స్పోర్ట్స్ బ్రా కొని డబ్బు తగలేయకండి. పరుగు మొదలుపెట్టే ముందు ఒకటి, ఆరో నెలలో కొలుచుకుని ఇంకొకటి. చుట్టుకొలత రొమ్ము కింద టేపుతో, ఊపిరి వదిలి కొలవాలి. కింది పట్టీ మడత కుట్టు మీద కూర్చోకుండా దానికి కాస్త కిందగా ఉండాలి. లోపల వైరు వద్దు. షాపులో కౌంటర్ వెనక మగవాళ్లే ఉంటే సిగ్గుపడి చేతికిచ్చింది తెచ్చుకుంటాం. దానికంటే కొలతలు రాసుకుని ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం నయం. వేసుకుని అద్దం ముందు గెంతి చూడండి. పట్టీలు భుజాలను కొరకకూడదు, కింది పట్టీలోకి రెండు వేళ్లు దూరాలి. సాగిపోయిన రోజున పక్కన పడేయాలి, చెల్లికి ఇవ్వకూడదు.

మచ్చలు, గడ్డలు

గాయం పూర్తిగా మూసుకున్నాక సిలికాన్ జెల్ గానీ షీటు గానీ కొన్ని నెలల పాటు వాడమంటారు. మన ఛాయ చర్మాల్లో మచ్చలు ఉబ్బడం, కీలాయిడ్లు (గాయాన్ని దాటి పెరిగే గట్టి మచ్చలు) రావడం ఎక్కువ. ఇంట్లో ఎవరికైనా చెవి కుట్టిన చోట గడ్డ కట్టి ఉంటే ఆ సంగతి సర్జన్‌కి ముందే చెప్పండి. మచ్చ పక్వానికి రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. అప్పటిదాకా ఎరుపు, దురద మామూలే. కొన్ని వారాల తర్వాత లోపల చిన్న గట్టి ఉండ తగలొచ్చు. చాలాసార్లు అది కొవ్వు గట్టిపడినదే గానీ, డాక్టర్‌కి చూపించకుండా మీకు మీరే తేల్చుకోవద్దు. తీసిన కణజాలాన్ని పరీక్షకి పంపుతారు. ఆ రిపోర్టు అడిగి తీసుకుని దాచుకోండి.

కోచ్‌తో ఏం చెప్పాలి

అంతా చెప్పాల్సిన పని లేదు. "సార్, నాకు ఛాతీ దగ్గర ఆపరేషన్ అయింది. ఫలానా తేదీ దాకా పరుగు లేదు, ఫలానా తేదీ దాకా చేతులతో బరువు లేదు. డాక్టర్ రాసిచ్చిన కాగితం ఇదిగో." ఇంతకంటే వివరం ఎవరికీ బాకీ లేరు. మగ కోచ్‌తో చెప్పడానికి నోరు రాకపోతే స్కూల్లో లేడీ పీఈటీతోనో, అమ్మతోనో, అక్కతోనో చెప్పించండి. సర్జన్ దగ్గర రెండు కాగితాలు అడిగి తీసుకోండి. ఒకటి పూర్తి వివరాలతో మీ ఫైల్‌కి. రెండోది ఏ పని ఎప్పటి నుంచి చేయొచ్చో తేదీలతో మాత్రమే ఉండేది, గ్రౌండ్‌కి.

కోచ్‌లకు కూడా ఒక మాట. అమ్మాయి పక్కన కూర్చుందని గ్రౌండ్‌కి రావొద్దనకండి. టైమింగ్ రాయడం, మిగతావాళ్ల వీడియోలు తీయడం, వార్మప్ నడకలో కలవడం ఆమెకి అప్పగించండి. మూడు నెలలు గ్రౌండ్ మొహం చూడని పిల్ల నాలుగో నెలలో వస్తుందన్న నమ్మకం లేదు.

ఆరో నెలలో ఒకసారి, ఏడాది నిండాక ఒకసారి సర్జన్‌కి చూపించుకోండి. ఒళ్లు బాగా పెరిగినా, గర్భం వచ్చినా రొమ్ము సైజు మళ్లీ పెరగొచ్చు. అలాంటప్పుడు పాత స్పోర్ట్స్ బ్రాతోనే నెట్టుకురాకుండా టేపు తీసి మళ్లీ కొలుచుకోండి.